పిల్లలు ఎంత కదులుతున్నారో లెక్కపెట్టడం అంత ఈజీ ఏం కాదు

బ్రిటన్‌లో ఒక స్టడీలో ఏడేళ్ల పిల్లల్లో 51 శాతం మంది రోజుకి గంటసేపు కాస్త ఆయాసం వచ్చేలా కదులుతున్నారని తేలింది. అదే బ్రిటన్‌లో ఇంకో స్టడీ పదకొండేళ్ల పిల్లల్లో అలాంటివాళ్లు 2.5 శాతమే అంది. రెండూ చిన్నాచితకా స్టడీలు కావు, రెండిట్లోనూ వేల మంది పిల్లలు, రెండిట్లోనూ నడుముకి బెల్టుతో కట్టింది కదలికని కొలిచే యాక్టిగ్రాఫ్ అనే కంపెనీ సెన్సరే. ఏడేళ్ల నుంచి పదకొండేళ్లకి వచ్చేసరికి పిల్లలు కొంచెం నెమ్మదిస్తారు, నిజమే, కానీ సగం మంది ఉన్నచోట నలభై మందిలో ఒక్కరే మిగిలేంత కాదు కదా. మరి ఈ తేడా ఎక్కడ్నుంచి వచ్చిందంటే చాలావరకు ఒక్క నంబర్ నుంచి. మిలీనియం కోహోర్ట్ అనే మొదటి స్టడీ (2013లో పబ్లిష్ అయింది) నిమిషానికి 2241 కౌంట్స్ (కదలికకి సెన్సర్ ఇచ్చే అంకె) దాటితే గట్టి కదలిక, అంటే ఆయాసం వచ్చే కదలిక, అంది. బ్రిస్టల్ ప్రాంతం పిల్లల మీద చేసిన ఆల్‌స్పాక్ స్టడీ (2007) 3600 దాటితేనే అంది. అంతే.

నేను రోజూ ఈ సెన్సర్ల నుంచి వచ్చే ఫైళ్లతోనే పనిచేస్తుంటా, అందుకే పేపర్లో "పిల్లలు కదలట్లేదు" అని హెడ్డింగ్ కనిపించిన ప్రతిసారీ నాకు మొదట వచ్చే డౌటు గీత ఎక్కడ గీశారు అని. ఇది తెలిసినవాళ్ల మధ్యలోనే ఉండిపోవాల్సిన విషయం కాదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఆ శాతాలు చూసే స్కూళ్లలో ఆటల పీరియడ్ ఎంతసేపు ఉండాలో డిసైడ్ చేస్తారు, తల్లిదండ్రులు పిల్లల్ని తిడతారు, ప్రభుత్వాలు డబ్బులు ఎటు పెట్టాలో చూసుకుంటాయి.

ముందు ఆ డబ్బాలో ఏముందో చెప్తా. అగ్గిపెట్టె కంటే చిన్నగా ఉండే ఈ పరికరంలో యాక్సెలరోమీటర్ చిప్ ఉంటుంది, అందులో కంటికి కనపడనంత చిన్న సిలికాన్ ముక్క సన్నటి స్ప్రింగుల మీద వేలాడుతుంటుంది. బస్సు బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకి తూలినట్టు, నడుము ఊగినప్పుడల్లా ఆ ముక్క అటూ ఇటూ జరుగుతుంది, ఎంత జరిగిందో ఎలక్ట్రికల్‌గా కొలుస్తారు. ఇప్పటి మోడల్స్ మూడు దిక్కుల్లో సెకనుకి 30 నుంచి 100 సార్లు ఇలా రికార్డు చేస్తాయి. పాత మోడల్స్ పైకీ కిందకీ ఉండే ఊపు ఒక్కటే చూసేవి.

దీన్నుంచి "కౌంట్స్" ఎలా వస్తాయంటే, సిగ్నల్‌ని ఒక ఫిల్టర్లో పంపి మనిషి కదలికకి సంబంధం లేని మరీ వేగమైన వైబ్రేషన్, మరీ నెమ్మదైన ఒరుగుడు తీసేసి, మిగిలింది కూడతారు. కౌంట్‌కి మీటర్లు, కేలరీలు లాంటి యూనిట్ ఏదీ లేదు, అది ఆ కంపెనీ పరికరం ఇచ్చే ఒక అంకె అంతే. ఆ లెక్క లోపల ఏం జరుగుతుందో చాలా ఏళ్లపాటు కంపెనీకే తెలుసు, 2022లో గానీ పూర్తి అల్గారిథం బయటపెట్టలేదు. అప్పటికే ప్రపంచం మొత్తం మీద కౌంట్స్ మీద ఆధారపడ్డ పేపర్లు గుట్టలుగా వచ్చేశాయి. ఆ ఫిల్టర్ వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది. పెద్దవాళ్లని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి చూస్తే గంటకి 9-10 కిలోమీటర్ల వేగం దాకా కౌంట్స్ పెరుగుతూ వచ్చి ఆ తర్వాత ఆగిపోయాయి, మనిషి ఇంకా స్పీడుగా పరిగెడుతున్నా సరే. పిల్లల కాళ్లు పొట్టి, అడుగులు టకటకా పడతాయి, వేగమైన ఊపుల్ని తగ్గించేసే ఫిల్టర్ వాళ్ల పరుగుని ఇంకా ఎక్కువ కోసేసే అవకాశం ఉంటుంది. అంటే బాగా ఉరికే పిల్లలకే అన్యాయం.

సరే, కౌంట్స్ వచ్చాయి, ఎన్ని వస్తే గట్టి కదలిక? దీనికోసం పిల్లల్ని ల్యాబ్‌కి తీసుకొచ్చి, ఎంత ఆక్సిజన్ వాడుతున్నారో కొలిచే పరికరం తగిలించి, కాసేపు కూర్చోబెట్టి, కాసేపు బొమ్మలకి రంగులేయించి, నడిపించి, పరిగెత్తించి, ఏ పనికి ఎన్ని కౌంట్స్ వస్తున్నాయో చూసి గీత గీస్తారు. దాన్ని కట్ పాయింట్ అంటారు. ప్యూయా టీమ్ 2002లో 26 మంది పిల్లలతో చేసి నిమిషానికి 3200 అంది. ట్రూత్ టీమ్ 2004లో పదమూడు పద్నాలుగేళ్ల అమ్మాయిలతో చేసి 3000 అంది. మాటక్స్ టీమ్ 2007లో 3581. ఈవెన్సన్ టీమ్ 2008లో 5-8 ఏళ్ల పిల్లలు 33 మందితో చేసి 2296 అంది. ఎవరూ తప్పుగా చేయలేదు, వయసులు వేరు, చేయించిన పనులు వేరు, "గట్టి" అంటే ఎంత అన్నది కూడా వేరు. పెద్దవాళ్లలో విశ్రాంతిగా ఉన్నప్పటి ఖర్చుకి మూడు రెట్లు శక్తి ఖర్చయితే మధ్యస్థ తీవ్రత అంటారు, గట్టి కదలిక మొదలయ్యేది అక్కడే, పిల్లలకి ఊరికే కూర్చున్నా కేజీకి ఆక్సిజన్ వాడకం పెద్దవాళ్ల కంటే ఎక్కువే, అందుకని వాళ్లకి నాలుగు రెట్లు పెట్టాలని కొందరు, మూడే చాలని కొందరు.

2011లో ట్రోస్ట్ అనే ఆయన, ఆయన టీమ్ ఈ గీతలన్నిట్నీ ఒకే పిల్లల మీద పెట్టి పోల్చి చూసి ఈవెన్సన్‌వి అన్ని వయసులకీ మెరుగ్గా పనిచేస్తున్నాయన్నారు, అప్పట్నుంచి చాలామంది అవే వాడుతున్నారు. నేనూ అవే వాడతా. కానీ ఎనిమిదేళ్ల లోపు పిల్లలతో గీసిన గీతని పదిహేడేళ్ల కుర్రాడికి పెడుతున్నామన్న సంగతి మాత్రం మర్చిపోకూడదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే విషయానికి వస్తా, అదేంటంటే పిల్లలు అసలు ఎలా కదులుతారు అన్నది. ఒక చిన్నపిల్లని ఆడుకునేటప్పుడు దూరం నుంచి చూడండి. లేస్తుంది, నాలుగడుగులు ఉరుకుతుంది, ఆగుతుంది, కిందున్నదేదో తీసి చూస్తుంది, మళ్లీ గెంతుతుంది, స్నేహితురాలితో ఏదో చెప్తుంది, మళ్లీ ఉరుకుతుంది. పెద్దవాళ్లలా అరగంట ఏకధాటిగా నడవడం అనేది పిల్లల్లో దాదాపు ఉండదు. 1995లో బెయిలీ టీమ్ 6-10 ఏళ్ల పిల్లల్ని పక్కనే ఉండి కొన్ని సెకన్లకోసారి రాసుకుంటూ గమనిస్తే, బాగా తీవ్రమైన కదలికలు మామూలుగా మూడు సెకన్లే ఉన్నాయి, తేలికపాటివీ మధ్యస్థంగా ఉండేవీ ఆరు సెకన్లు. తీవ్రమైన వాటిలో 95 శాతం 15 సెకన్ల లోపే అయిపోయాయి!

సెన్సర్ డేటాని మాత్రం ఏళ్ల తరబడి నిమిషం నిమిషంగా కూడేవాళ్లం. పాత పరికరాల్లో మెమరీ తక్కువ, వారం రోజులు పట్టాలంటే వేరే దారి లేదు. ఇలా కూడే టైమ్ ముక్కనే ఎపాక్ అంటారు. ఇప్పుడు లెక్క చూడండి. ఒక పాప 15 సెకన్లు గట్టిగా ఉరికింది, 900 కౌంట్స్ వచ్చాయనుకుందాం, మిగతా 45 సెకన్లు నిలబడి కబుర్లు చెప్పింది, ఒక్కో 15 సెకన్లకి 50 చొప్పున 150. నిమిషానికి మొత్తం 1050. ఈవెన్సన్ గీత 2296, కాబట్టి ఆ నిమిషం మొత్తం "తేలికపాటి కదలిక" కింద పోయింది, పాప ఉరికిన ఉరుకు ఎక్కడా కనపడదు. అదే 15 సెకన్ల ఎపాక్ వాడితే (అప్పుడు గీత 574) ఆ 15 సెకన్లు గట్టి కదలికగా నిలుస్తాయి. రోజు మొత్తం ఇలాంటి ఉరుకులే ఉండే పిల్లకి ఇది చిన్న తేడా కాదు. దీనికి రివర్స్ కూడా ఉంది, మూడు ముక్కలు 700 చొప్పున, నాలుగోది 300 అయితే నిమిషానికి 2400, అంటే నిమిషం మొత్తం గట్టి కదలిక అయిపోతుంది, నిజానికి 45 సెకన్లే. కాబట్టి పొడుగు ఎపాక్ ఎప్పుడూ తగ్గించే చూపిస్తుంది అని కూడా అనలేం, ఏ తీవ్రతలో చూస్తున్నాం, ఎలాంటి పిల్లలు అన్నదాన్ని బట్టి ఉంటుంది. టీనేజర్లలో నడక లాంటి సాగే కదలికలు ఎక్కువ కాబట్టి ఎపాక్ ప్రభావం తక్కువ, చిన్నపిల్లల్లో ఎక్కువ. అందుకే వేరే వేరే ఎపాక్‌లతో చేసిన రెండు స్టడీల్లో పిల్లల నిమిషాల్ని పక్కపక్కన పెట్టి ఎవరైనా పోలిస్తే నాకు మనసొప్పదు.

ఎక్కడ పెట్టుకున్నారన్నది ఇంకో కథ. నడుము అయితే శరీరం బరువంతా ఎలా కదులుతోందో బాగా పట్టుకుంటుంది, నడక పరుగు గెంతులు వరకు చాలా బాగుంటుంది. సైకిల్ తొక్కితే మాత్రం నడుము పెద్దగా కదలదు, చెమటలు కారేలా తొక్కినా సెన్సర్‌కి కూర్చున్నట్టే. ఈత అయితే చాలా స్టడీల్లో తీసి పక్కన పెట్టమంటారు. బరువు మోసుకుంటూ మెట్లెక్కినా ఆ బరువు సంగతి దానికి తెలీదు. నిమిషానికి 100 కౌంట్స్ లోపుంటే "కూర్చున్నట్టు" లెక్క, కానీ కదలకుండా నిలబడ్డా అంతే వస్తుంది, కూర్చోడానికీ నిలబడటానికీ తేడా కావాలంటే తొడకి అతికించే యాక్టివ్‌పాల్ లాంటివి కావాలి, తొడ అడ్డంగా ఉందా నిలువుగా ఉందా అన్నది అవి పట్టేస్తాయి. మణికట్టుకి అయితే వాచీలా ఉంటుంది కాబట్టి పిల్లలు పెద్దగా అభ్యంతరపెట్టరు, రాత్రి కూడా ఉంచుకుంటారు, నిద్ర కూడా కొలవొచ్చు. కానీ చేతులూపుతూ కబుర్లు చెప్పినా కదలికే, బరువైన పెట్టెని రెండు చేతుల్తో నెట్టుకెళ్తే దాదాపు ఏమీ లేదు. నడుము గీతలు మణికట్టుకి పనికిరావు, దానికి వేరేగా గీయాల్సిందే.

అమెరికాలో ఎన్‌హేన్స్ అనే జాతీయ ఆరోగ్య సర్వే 2003-2006లో నడుముకి పెట్టి, 2011-2014లో మణికట్టుకి మారింది, పెట్టుకోని వాళ్లు ఎక్కువైపోవడం దీనికి పెద్ద కారణం. పన్నెండు దేశాల్లో 9-11 ఏళ్ల పిల్లల మీద చేసిన ఐస్కోల్ స్టడీ ఇంకో దారి పట్టింది, నడుముకే ఉంచి రాత్రీ పగలూ తీయొద్దంది, పొద్దున లేచి మళ్లీ పెట్టుకోవడం మర్చిపోయే సమస్య తగ్గింది.

టీనేజర్ల దగ్గర ఈ "పెట్టుకోవడం" అనేదే సగం సమస్య. బట్టల కింద ఉబ్బెత్తుగా కనపడుతుందని, స్నేహితులు ఇదేంటి అని అడుగుతారని, ముఖ్యంగా అమ్మాయిలు ఇబ్బంది పడతారు, వాళ్లది మొండితనం అనుకోవడం నాకస్సలు నచ్చదు, ఆ వయసులో ఒంటి మీద కొత్త వస్తువు ఉండటం చిన్న విషయం కాదు. కొన్ని ఆటల మ్యాచ్‌లలో రిఫరీలు తీసేయమంటారు, అంటే ఆ రోజు అన్నిటికంటే ఎక్కువ కదిలిన గంటే డేటాలో ఉండదు. తీసేస్తే సున్నాలొస్తాయి, కదలకుండా పడుకున్నా సున్నాలే వస్తాయి. ఈ రెండిట్నీ విడదీయడానికి రూల్స్ పెట్టుకుంటాం, వరసగా 20 నిమిషాలు సున్నాలుంటే తీసేసినట్టు అని కొందరు, 60 నిమిషాలని కొందరు. రోజుకి కనీసం 10 గంటలు పెట్టుకుంటేనే ఆ రోజు లెక్కలోకి, వారంలో కనీసం నాలుగు రోజులు, అందులో ఒకటి సెలవురోజు ఉండాలి అనేది ఎక్కువగా వాడే రూల్. ఈ రూల్ దాటని పిల్లలు ఫైనల్ లెక్కలోంచి వెళ్లిపోతారు, ఎవరు వెళ్లిపోయారు అన్నది చాలా పేపర్లలో ఒక్క లైన్లో తేల్చేస్తారు, నేను చదివేటప్పుడు ఆ లైన్ కోసమే వెతుకుతా.

ఇంత తలనొప్పి ఎందుకు, పిల్లల్నే అడిగితే పోలా అంటారు కొందరు. అడుగుతున్నారు కూడా. 2016 నాటికి ప్రపంచంలో 11-17 ఏళ్ల వాళ్లలో 81 శాతం మంది చాలినంత కదలట్లేదు అని 2020 ప్రాంతంలో అందరూ రాసిన లెక్క ఉంది చూడండి, 146 దేశాల డేటా, అది పూర్తిగా ప్రశ్నలడిగి తీసుకున్నదే, సెన్సర్లతో కాదు. చిన్నపిల్లలకి నిన్న ఎన్ని నిమిషాలు ఆడావు అంటే చెప్పడం కష్టం, మూడు సెకన్ల ఉరుకుల్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? సెన్సర్లతో పోల్చినప్పుడు ప్రశ్నలకి వచ్చిన జవాబులు ఎక్కువసార్లు పెంచే చూపించాయి. అయినా ప్రశ్నల్ని తీసిపారేయొద్దంటా, ఎందుకంటే ఆ పిల్లాడు ఈదాడా సైకిల్ తొక్కాడా, ఎవరితో ఆడాడు, ఇష్టంగా ఆడాడా బలవంతంగానా అన్నది సెన్సర్ ఎప్పటికీ చెప్పలేదు.

ఇన్ని చిక్కులున్నా గట్టిగా నిలబడే విషయాలు కొన్ని ఉన్నాయి, అవి చెప్పకపోతే నేను సెన్సర్లకి అన్యాయం చేసినట్టు. ఏ గీత పెట్టినా, ఏ దేశంలో చూసినా దాదాపుగా వయసుతో పాటు కదలిక తగ్గుతుంది, అమ్మాయిలు అబ్బాయిల కంటే తక్కువ కదులుతారు. ఎన్‌హేన్స్‌లో 6-11 ఏళ్ల వాళ్లలో 42 శాతం మంది గంట అందుకుంటే 12-19 వాళ్లలో 8 శాతం. ఐక్యాడ్ అని చాలా స్టడీల సెన్సర్ ఫైళ్లని ఒకచోట చేర్చి, అన్నిట్నీ ఒకే పద్ధతిలో మళ్లీ లెక్కేసిన డేటాబేస్ ఉంది, పది దేశాల నుంచి 27 వేల మందికి పైగా పిల్లలు, దాని మీద 2015లో వచ్చిన పేపర్లో ఐదేళ్ల తర్వాత ఏడాదికి సగటున 4.2 శాతం చొప్పున మొత్తం కదలిక తగ్గుతూ వస్తోందని తేలింది. అంటే తగ్గడం టీనేజ్‌లో ఫోన్ చేతికొచ్చాక మొదలయ్యేది కాదు, బడిలో చేరే వయసు నుంచే మొదలవుతోంది. "ఈ వయసొచ్చాక బద్ధకం పెరిగింది" అని పదిహేనేళ్ల వాళ్లని తిట్టేవాళ్లకి ఇది ఎవరైనా చెప్పాలి.

అదే పేపర్లో ఇంకో అంకె, కొలిచిన అన్ని రోజులూ గంట అందుకున్నవాళ్లు అబ్బాయిల్లో 9 శాతం, అమ్మాయిల్లో 1.9 శాతం. అన్ని రోజులూ అన్న మాట గమనించండి. డబ్ల్యూహెచ్‌ఓ 2010లో రోజూ కనీసం 60 నిమిషాలు అంది, 2020లో వారం మొత్తం మీద సగటున రోజుకి 60 అని మార్చింది. శనివారం రెండు గంటలు ఆడి సోమవారం అరగంటే ఆడిన పిల్ల పాత లెక్కలో ఫెయిల్, కొత్త లెక్కలో పాస్ అవ్వొచ్చు. పిల్ల మారలేదు, డేటా మారలేదు. నాకైతే కొత్తదే సరైందనిపిస్తుంది, ఏ మనిషీ ఏడు రోజులూ ఒకేలా ఉండడు కదా.

పిల్లల కోసం అమ్మే బ్యాండ్ల గురించి చాలామంది అడుగుతుంటారు, కొనాలా వద్దా అని. వాటి లోపలా ఉండేది యాక్సెలరోమీటరే, కానీ రా డేటా (సెన్సర్ రికార్డు చేసిన అసలు అంకెలు) మన చేతికివ్వరు, అడుగులు ఎలా లెక్కపెడుతున్నారో చెప్పరు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తే లెక్క మారొచ్చు కూడా. సరదాగా వాడుకోడానికి ఇబ్బంది లేదు. 10,000 అడుగుల టార్గెట్ మాత్రం పిల్లలకి పెట్టకండి, అది 1965లో జపాన్‌లో పెద్దవాళ్లకి అమ్మిన ఒక పెడోమీటర్‌తో ప్రచారంలోకి వచ్చింది, పిల్లల మీద చేసిన రీసెర్చ్‌లోంచి పుట్టింది కాదు. రోజుకి గంట గట్టి కదలికకి సరిపోయే అడుగులు ప్రైమరీ స్కూల్ అబ్బాయిల్లో 13,000-15,000, అమ్మాయిల్లో 11,000-12,000, టీనేజర్లలో 10,000-11,700 అని 2011లో ఒక రివ్యూ తేల్చింది. అంకె కంటే నాకు ఎక్కువ భయం వేసేది, అన్నాచెల్లెళ్ల బ్యాండ్లు పక్కపక్కన పెట్టి ఎవరెక్కువ నడిచారో చూడటం. ఎదుగుతున్న పిల్లలకి తన ఒంటిని ఎవరో ఎప్పుడూ లెక్కపెడుతున్నారన్న ఫీలింగ్ రాకూడదు. మేం స్టడీల్లో పరికరం మీద ఏ అంకె కనపడకుండా పెడతాం, కనపడితే మొదటి రోజు దానికోసమే గెంతుతారని. ఇంట్లో బ్యాండ్ చేసేదే అది కదా, రోజూ అంకె చూపించడం.

ఇంకొకటి. వీల్‌చెయిర్‌లో తిరిగే పిల్లల నడుముకి ఈ సెన్సర్ కడితే రోజంతా కూర్చున్నట్టే చూపిస్తుంది, ఆ పిల్లలు చేతుల్తో చక్రాలు తిప్పుతూ చెమటలు కక్కుతున్నా. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాల మీద అదుపు తగ్గే సమస్య) ఉన్న పిల్లలు అదే దూరం నడవడానికి ఎక్కువ శక్తి ఖర్చు పెడతారు, కౌంట్స్‌కి మాత్రం అందరికీ పెట్టే గీతే పెడతాం. గీతలన్నీ మామూలుగా నడిచే పిల్లలతో గీసినవే. వీళ్లకోసం వేరేగా చేసిన పని ఉంది, కానీ చాలా తక్కువ, పెద్ద సర్వేల్లో అయితే ఈ పిల్లల్ని మొదట్లోనే పక్కన పెట్టేస్తారు. అందరి పిల్లల గురించి అని చెప్పే శాతంలో వీళ్లు లేరు.

ఇప్పుడు కౌంట్స్ నుంచి రా డేటా వైపు అందరూ జరుగుతున్నారు. పరికరం రికార్డు చేసిన త్వరణాన్ని గురుత్వాకర్షణతో పోల్చి మిల్లీ-జీలలో (గురుత్వాకర్షణ త్వరణంలో వెయ్యో వంతు ఒక మిల్లీ-జీ) నేరుగా చూడటం, జీజీఐఆర్ లాంటి ఫ్రీ ప్రోగ్రామ్‌తో ఎవరైనా అదే ఫైల్‌ని అదే పద్ధతిలో మళ్లీ లెక్కేసుకోగలగడం, కంపెనీ ఏదైనా దాదాపు పోల్చుకోగలగడం, ఇవన్నీ మంచి మార్పులు. గీతల గొడవ పూర్తిగా పోలేదు, మణికట్టుకి పిల్లల్లో 200 మిల్లీ-జీల దగ్గర గీద్దామా వద్దా అన్నది ఇప్పుడు కొత్త గొడవ. ఈ మధ్య కొందరు అసలు గీతే వద్దు, రోజులో ఆ పిల్ల అన్నిటికంటే గట్టిగా కదిలిన 60 నిమిషాలు ఏ స్థాయిలో ఉన్నాయో చెబ్దాం, ఆ తర్వాత ఎవరికి కావాల్సిన గీత వాళ్లు పెట్టుకుంటారు అంటున్నారు, ఈ ఐడియా నాకు బాగా నచ్చింది.

స్కూళ్లలోనో కాలేజీలోనో ఇలాంటి స్టడీ మొదలుపెట్టేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క రిక్వెస్ట్. పరికరం మోడల్, ఎక్కడ పెట్టారు, ఎపాక్ ఎన్ని సెకన్లు, ఏ గీత, ఎన్ని గంటలుంటే రోజు కింద లెక్కేశారు, ఎంతమంది పిల్లలు లెక్కలోంచి పోయారు, ఇవన్నీ శాతం రాసిన పేజీలోనే రాయండి, ఎక్కడో చివర కాదు. రా ఫైళ్లు డిలీట్ చేయకండి, పిల్లల పేర్లు తీసేసి జాగ్రత్తగా దాచండి, హార్డ్ డిస్క్ నిండిపోయిందని నిమిషాల లెక్క ఉంచుకుని అసలు ఫైల్ పారేస్తే రేపు మెరుగైన పద్ధతి వచ్చినా ఆ వారం ఆ పిల్లలు ఎలా కదిలారో మళ్లీ ఎవరూ చూడలేరు.